మన మిర్చి మనమే ఎగుమతి చేయాలంటే: కల్లం నుంచి కంటైనర్ దాకా రైతు సంఘం ఏం చేయాలి

"ఐఈసీ కోడ్ వచ్చేసిందండీ, ఇక బయ్యర్‌ని చూపిస్తే చాలు" అని ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు, గుంటూరు వైపు నుంచి, ఖమ్మం వైపు నుంచి, ఈ మధ్య కర్నూలు వైపు నుంచి కూడా. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా, ఐఈసీ కోడ్, అంటే ఎగుమతి దిగుమతులకి కేంద్రం ఇచ్చే నంబరు, తీసుకోవడం ఈ మొత్తంలో అన్నిటికన్నా సులువైన పని, 500 రూపాయల ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే వచ్చేస్తుంది. మన సరుకు పాసవ్వాలా ఫెయిలవ్వాలా అనేది పోర్టులో తేలేది కాదు, మందు కొట్టిన రోజునే, కాయ ఎండబెట్టిన కల్లంలోనే తేలిపోతుంది. అందుకే ఇక్కడ కాగితాలు వెనకాల, పొలం ముందు పెట్టాను.

ఇది ఎండు మిర్చికి రాసింది. పసుపుకి కూడా చాలా వరకు పనికొస్తుంది. మామిడి, అరటి లాంటి వాటి దారి వేరు, వాటికి అపెడా, అంటే వ్యవసాయ ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ దగ్గరికి వెళ్ళాలి. మిర్చి, పసుపు మసాలా దినుసులు కాబట్టి స్పైసెస్ బోర్డ్ కిందకి వస్తాయి. ఇది తెలీక అపెడాలో డబ్బు కట్టి కూర్చున్న సంఘాలని నేను చూశాను.

ముందు మీ దగ్గర ఉండాల్సినవి

- రిజిస్టర్ అయిన ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంఘం), అంటే ప్రొడ్యూసర్ కంపెనీ గానీ సహకార సంఘం గానీ. ఒక్క రైతు తన పేరు మీద కూడా చేయొచ్చు, చట్టం అడ్డు చెప్పదు, కానీ ఒకే రకం కాయ ఒక కంటైనర్‌కి సరిపడా ఒక్కడి దగ్గర ఉండదు.
- ఒకే రకం వేసిన రైతులు. తేజ వేసినవాళ్ళు వేరు, 334 వేసినవాళ్ళు వేరు, బ్యాడిగి వేరు.
- తేమ కొలిచే మీటర్. సంఘానికి ఒక్కటైనా.
- పట్టాలు, సరిపడా. చినిగినవి కాదు.
- లెక్కలు రాసే మనిషి ఒకరు, జీతం ఇచ్చి పెట్టుకోవాలి. ఊరికే చేసే మనిషి కోతల టైంలో దొరకడు.
- రెండు మూడు నెలలు డబ్బు ఆగినా తట్టుకునే ఏర్పాటు. దీని గురించి కింద విడిగా చెప్తా.

కేంద్రం 2020లో పెట్టిన 10,000 ఎఫ్‌పీఓల పథకం కింద ఏర్పడిన సంఘం అయితే మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. ఆ పథకంలో మూడేళ్ళ నిర్వహణ ఖర్చుకి 18 లక్షల దాకా, సభ్యుల వాటా ధనానికి సమానంగా ఒక్కో రైతుకి 2,000 చొప్పున సంఘానికి మొత్తం 15 లక్షలు మించకుండా గ్రాంటు పెట్టారు. మీ సంఘానికి ఇందులో ఏం వచ్చింది, ఏం రాలేదు అనేది మీ సీఈఓని కూర్చోబెట్టి అడగండి. ఆ పథకం గ్రాంటు అందిన సంఘం "మాకు లెక్కలు రాసే మనిషికి జీతం ఇచ్చే స్తోమత లేదు" అనడానికి కుదరదు.

1. బయ్యర్ కన్నా ముందు దేశం తేల్చుకోండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. సరుకు అంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టాక "ఎక్కడికి పంపుదాం" అని ఆలోచిస్తారు. అప్పటికి ఆలస్యం అయిపోయినట్టే, ఎందుకంటే ఒక్కో దేశం అడిగేది ఒక్కోలా ఉంటుంది. చైనాకి ఎక్కువగా తేజ వెళ్తుంది, వాళ్ళకి ఘాటు కావాలి. రంగు తీసే కంపెనీలకి బ్యాడిగి రకం కావాలి. బంగ్లాదేశ్, శ్రీలంక, థాయ్‌లాండ్, మలేసియా వాళ్ళ పద్ధతులు వేరు. యూరప్‌లో ధర బాగుంటుంది గానీ పురుగుమందుల అవశేషాల దగ్గర వాళ్ళంత గట్టిగా ఉండేవాళ్ళు తక్కువ.

బయ్యర్ నుంచి గానీ ఎగుమతిదారు నుంచి గానీ రాతపూర్వకంగా తెచ్చుకోవాల్సినవి ఇవీ: రకం, తొడిమతోనా తొడిమ తీసినదా, తేమ ఎంత దాకా ఒప్పుకుంటారు, తాలు (రంగు లేని, పాలిపోయిన కాయ) ఎంత శాతం, విరిగిన కాయ ఎంత శాతం, రంగు విలువ, ఘాటు విలువ, ఏ మందుల అవశేషాలు చూస్తారు, ఏ ల్యాబ్ రిపోర్టు నమ్ముతారు. ఇది జూన్ జులైలోనే, నారు పోయకముందే చేతిలో ఉండాలి.

మొదటిసారి చేస్తున్న సంఘాలకి నా సలహా ఏంటంటే, మొదటి ఏడాది నేరుగా ఎగుమతికి పోవద్దు. గుంటూరులోనే ఎగుమతిదారులు ఉన్నారు, నూనె తీసే కంపెనీల వాళ్ళు ఉన్నారు, వాళ్ళలో ఒకరికి వాళ్ళ స్పెసిఫికేషన్ ప్రకారం ఒక లాట్ ఇవ్వండి. పాసైతే మీ రైతులకి పని వచ్చినట్టు, రెండో ఏడాది సొంతంగా దిగండి. ఫెయిలైతే నష్టం ఇక్కడే ఆగిపోతుంది, సముద్రం దాటాక ఫెయిలైతే సరుకు వెనక్కి తెచ్చుకునే ఖర్చు కూడా మనదే.

2. మందు కొట్టే పుస్తకం

2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు గుర్తుందిగా, పూత మొత్తం రాలిపోతుంటే రైతు ఏం చేస్తాడు, షాపువాడు ఏది ఇస్తే అది కలిపి కొట్టాడు, నాలుగు రోజులకోసారి కొట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టడానికి నోరు రాదు. కానీ ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు, ఎగుమతి దెబ్బతినేది అక్కడే.

లెక్క ఒక్కసారి చూడండి. యూరప్‌లో ఒక మందుకి విడిగా హద్దు పెట్టకపోతే కిలోకి 0.01 మిల్లీగ్రామే హద్దు. అంటే 100 టన్నుల సరుకులో ఒక్క గ్రాము. పైగా పండు కాయ ఎండితే బరువు మూడో వంతుకో నాలుగో వంతుకో దిగిపోతుంది, మందు అవశేషం అంత తొందరగా పోదు, అందుకే పచ్చి కాయలో కనపడనిది ఎండు కాయలో బయటపడుతుంది. ఎండు కాయకి లెక్క వేసేటప్పుడు ఈ తేడాని వాళ్ళూ చూస్తారు గానీ దాన్ని నమ్ముకుని ధైర్యం చేయొద్దు.

చేయాల్సింది ఇదీ:

ప్రతి రైతుకి ఒక చిన్న నోటు పుస్తకం. తేదీ, సర్వే నంబరు, మందు పేరు, అందులో ఉన్న అసలు రసాయనం పేరు, మోతాదు, ఎందుకు కొట్టారు. బ్రాండ్ పేరు ఒక్కటే రాస్తే పనికిరాదు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండేదే ల్యాబ్ వాడికి కావాల్సింది. చదువు రాని రైతు అయితే ఖాళీ డబ్బా లేబుల్‌ని ఫోన్‌లో ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టమనండి, తేదీ దానంతట అదే పడుతుంది. కౌలు రైతులని కూడా వదలొద్దు, మన దగ్గర చాలా మిర్చి చేలు వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి.

ట్రయజోఫాస్ 2020 చివరితోనే మన దేశంలో నిషేధం అయింది. పాత స్టాకు ఉందని ఎవరన్నా అంటగడితే తీసుకోవద్దు. క్లోరిపైరిఫాస్‌కి యూరప్ హద్దు 0.01కి దించేసింది, కాబట్టి యూరప్ అనుకుంటే దాన్ని చేలోకి రానీయకండి. తామర పురుగుకి నీలం రంగు జిగురు అట్టలు, వేప నూనె, చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ అడ్డు పంటగా వేయడం, ఇవన్నీ గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం వాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నవే. పూర్తిగా ఆపలేకపోయినా పిచికారీల సంఖ్య తగ్గుతుంది.

ఇంకోటి, కోతకి ముందు ఆగాల్సిన రోజులు. లేబుల్ మీద ఉంటుంది. మిర్చిలో చిక్కు ఏంటంటే మూడు నాలుగు కోతలు ఉంటాయి, ఒక కోత అయ్యాక రెండో కోత కాయ కోసం మందు కొడతారు, చెట్టు మీద అప్పటికే పండిన కాయ ఉంటుంది. కాబట్టి కోతల మధ్య కొట్టే మందు గురించి సంఘం ఫీల్డు మనిషిని అడక్కుండా కొట్టొద్దని తీర్మానం చేసుకోండి.

పంటని ఆంధ్రాలో అయితే ఈ-క్రాప్‌లో నమోదు చేయించండి, ఫలానా సర్వే నంబరులో ఫలానా పంట అని చూపించడానికి అది పనికొస్తుంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక: ఎన్‌పీఓపీ (కేంద్రం నడిపే సేంద్రియ ధ్రువీకరణ) సర్టిఫికెట్ లేకుండా ఎగుమతి సంచి మీద ఆర్గానిక్ అని రాయకూడదు. పీజీఎస్ (రైతుల గుంపులు ఒకరినొకరు చూసి ఇచ్చుకునే) సర్టిఫికెట్ మన దేశంలో అమ్ముకోవడానికే.

3. కల్లం

ఇక్కడ నిదానంగా చదవండి, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషానికి యూరప్ హద్దు కిలోకి మొత్తం 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 మించకూడదు. మళ్ళీ అదే లెక్క, 100 టన్నుల్లో ఒక్క గ్రాము. ఈ బూజు పొలంలో కన్నా కల్లంలోనే ఎక్కువగా పడుతుంది, ఒక్కసారి పడ్డాక ఎండబెట్టినా కడిగినా పోదు.

ఒకసారి తెల్లారగట్ల ఒక కల్లానికి వెళ్ళాను, రాత్రి మంచు పడుతుందని రైతు జాగ్రత్తగానే పట్టా కప్పాడు, కానీ ఏడున్నరకి కూడా తీయలేదు. పట్టా ఎత్తి చూస్తే లోపలి వైపంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు, అవి కాయల మీదకే కారుతున్నాయి. పై వరస కాయని నొక్కితే మెత్తగా ఉంది, కింద చేయి పెడితే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే బూజుకి కావాల్సింది. కప్పడం ఎంత ముఖ్యమో ఎండ పడగానే తీయడం అంత ముఖ్యం.

- చెట్టు మీద బాగా పండిన కాయే కోయండి. మంచు తడి ఆరాక కోత మొదలుపెట్టండి.
- కోసిన కాయ మట్టి నేల మీద పోయొద్దు. పట్టా మీదో సిమెంటు కల్లం మీదో పోయండి. కుక్కలు, కోళ్ళు తిరగకుండా చుట్టూ వల కట్టండి, పెంట కలిసిన సరుకులో సాల్మొనెల్లా వస్తే యూరప్‌లో ఆ లాట్ మొత్తం పోతుంది.
- పలచగా పరిచి రోజుకి నాలుగైదు సార్లు తిరగేయండి.
- తాలు కాయ, పగిలిన కాయ, మచ్చ కాయ కల్లంలోనే ఏరేయండి. బూజు ముందు పట్టేది వాటికే. ఏరిన తాలుని మంచి కాయల పక్కన కుప్ప పోయొద్దు.
- తేమ 10 శాతం దగ్గరకి వచ్చాకే సంచికి ఎత్తండి.

ఎలా చెక్ చేయాలి: గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపితే గింజలు గలగలలాడాలి. ఇది మొదటి అంచనా మాత్రమే, ఆ తర్వాత మీటర్ పెట్టాల్సిందే. కుప్ప పైన ఒక్కచోట కాదు, మధ్యలో, అడుగున, అంచుల్లో, కనీసం ఐదారు చోట్ల.

ఇక నీళ్ళు చల్లడం. తొక్కేటప్పుడు కాయ విరక్కుండా ఉంటుందని, తూకం కూడా కలిసొస్తుందని టిక్కీ (మిర్చి సంచి) ఎత్తేముందు నీళ్ళు చల్లే అలవాటు మన దగ్గర పాతదే. ఎగుమతి సరుకులో ఒక్క చెంబు కూడా వద్దు. తెల్లవారుజామున కాయ సహజంగా కాస్త మెత్తబడి ఉన్న టైం చూసుకుని ఎత్తితే చాలు. నేను దగ్గరుండి చూసిన ఒక సంఘంలో లాట్ అంతా బాగుంది, ఇద్దరు రైతుల సంచులు మాత్రం నీళ్ళు చల్లి ఎత్తినవి, అవి మిగతా వాటితో కలిసిపోయాయి, టెస్టులో మొత్తం లాట్ ఫెయిలైంది. ఎవరి సంచులో కనుక్కోడానికి నంబర్లు కూడా వేయలేదు. మిగతా రైతులు చేసిన కష్టం అంతా పోయింది, చివరికి యార్డులో వచ్చిన రేటుకి అమ్ముకున్నారు.

అందుకే ప్రతి సంచి మీద రైతు నంబరు, కోత నంబరు, తేదీ రాయాలి. సంఘం ధర కట్టేటప్పుడు తేమని బట్టి కట్టండి. 14 శాతం తేమ ఉన్న 100 క్వింటాళ్ళు 10 శాతానికి ఆరితే 95 క్వింటాళ్ళన్నర అవుతుంది. ఆ నాలుగున్నర క్వింటాళ్ళ తేడాని బాగా ఆరబెట్టిన రైతుకి ధరలో కలిపి ఇవ్వకపోతే వచ్చే ఏడాది ఎవ్వరూ ఆరబెట్టరు. రైతు మోసగాడు అయ్యి నీళ్ళు చల్లట్లేదు, తడి కాయకీ పొడి కాయకీ ఒకటే రేటు కడుతున్నాం కాబట్టి చల్లుతున్నాడు.

4. మచ్చు తీయడం, ల్యాబ్

పై సంచిలో చేయి పెట్టి బాగున్న కాయలు తీసి పంపితే రిపోర్టు బాగానే వస్తుంది, పోర్టులో మాత్రం దొరికిపోతారు. బూజు విషం అన్ని కాయల్లో సమానంగా ఉండదు, ఒక మూల ఉంటుంది. వీలైనన్ని ఎక్కువ సంచుల్లో పైన, మధ్యలో, అడుగున తీసి, అన్నీ పట్టా మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి తీసేయండి, మళ్ళీ కలిపి మళ్ళీ అలాగే చేయండి. చివర్లో మూడు ప్యాకెట్లు: ఒకటి ల్యాబ్‌కి, ఒకటి బయ్యర్‌కి, ఒకటి సీలు వేసి మీ దగ్గర.

గుంటూరులో స్పైసెస్ బోర్డ్ ల్యాబ్ ఉంది. అడగాల్సిన టెస్టులు: అఫ్లాటాక్సిన్, మందుల అవశేషాలు, సూడాన్ రంగులు (ఆహారంలో కలపకూడని ఎరుపు రసాయన రంగులు), తేమ, బయ్యర్ అడిగితే రంగు, ఘాటు. ఎండు కాయకి సూడాన్ టెస్టు ఎందుకంటే, 2003లో ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్ళిన మిర్చి సరుకులో ఆ రంగు దొరికింది, అప్పటినుంచి మన మిర్చి మీద నిఘా ఉంది. ఎవరో కలిపిన రంగుకి ఇప్పటికీ అందరం టెస్టు ఫీజు కడుతున్నాం.

మీరు ముందుగా చేయించే టెస్టు మీ కోసం. ఎగుమతి టైంలో బోర్డు వాళ్ళు దేశాన్ని బట్టి తప్పనిసరిగా తీసే మచ్చు వేరే. మొదటిది చేయించుకోకుండా రెండోదానికి వెళ్ళొద్దు.

5. కాగితాలు

ఈ వరసలో వెళ్ళండి:

ఐఈసీ, సంఘం పాన్ మీద వస్తుంది. ప్రతి ఏడాది ఏప్రిల్ జూన్ మధ్య పోర్టల్‌లోకి వెళ్ళి వివరాలు సరే అని కన్ఫర్మ్ చేయాలి, ఏమీ మారకపోయినా సరే. మర్చిపోతే కోడ్ పనిచేయడం ఆగిపోతుంది. కంటైనర్ లోడ్ అయ్యాక ఈ సంగతి తెలుసుకున్న వాళ్ళున్నారు.

తర్వాత స్పైసెస్ బోర్డ్ దగ్గర మసాలా ఎగుమతిదారు రిజిస్ట్రేషన్, క్రెస్ అంటారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే ఆహార భద్రత సంస్థ లైసెన్స్. జీఎస్టీ నంబరు, దాంతోపాటు ఎల్‌యూటీ అనే హామీ పత్రం, ఇది ఏటా కొత్తగా వేయాలి, వేస్తే పన్ను కట్టకుండా ఎగుమతి చేయొచ్చు. బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (విదేశీ డబ్బు వ్యవహారాలు చూసే బ్యాంకు శాఖ నంబరు) తీసుకుని కస్టమ్స్ పోర్టల్‌లో నమోదు. చైనాకి అయితే వాళ్ళ కస్టమ్స్ శాఖ దగ్గర కూడా రిజిస్ట్రేషన్ అడుగుతారు, దీనికి టైం పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

సంఘం పేరు స్పెల్లింగు అన్ని కాగితాల్లో ఒక్కటే ఉండాలి. పాన్‌లో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉంటే ఆఖర్లో ఏడిపిస్తుంది.

6. ధర, డబ్బు

యార్డు రేటుకి పది శాతం కలిపి చెప్పేయడం చాలా మంది చేసే పని. అలా వద్దు, కాగితం మీద వేయండి: కాయ ధర, తరుగు, తొడిమ తీసే ఆడవాళ్ళ కూలి, తొడిమ పోయాక తగ్గే బరువు, ముఠా (హమాలీల) కూలి, సంచులు, కోల్డ్ స్టోరేజీ అద్దె, వడ్డీ, ల్యాబ్, పోర్టు దాకా లారీ, సీహెచ్‌ఏ (కస్టమ్స్ పని చూసే ఏజెంటు) ఫీజు, పోర్టు ఛార్జీలు, షిప్ బాడుగ, బ్యాంకు ఛార్జీలు. మొదట్లో ఎఫ్‌ఓబీ ధరే, అంటే ఓడ ఎక్కించే దాకా అయ్యే ధరే చెప్పండి, షిప్ బాడుగ బయ్యర్ చూసుకుంటాడు.

ఆ కొనేవాడికి అక్కడ సుంకం ఎంతో కూడా కనుక్కోండి. ఆసియాన్ దేశాలతో, యూఏఈతో మనకి వాణిజ్య ఒప్పందాలు ఉన్నాయి, ఒప్పందం కింద మీ సరుకుకి సుంకం తగ్గుతుంటే ఆ ఒప్పందం ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ మీరు తీసి ఇస్తే అతనికి డబ్బు మిగులుతుంది, ఆ మాట బేరంలో వాడండి. రోడ్‌టెప్ (ఎగుమతి సరుకు మీద పడ్డ పన్నులు వెనక్కి ఇచ్చే పథకం) రీఫండ్ మీ సరుకు కోడ్‌కి ఎంతుందో సీహెచ్‌ఏని అడగండి, షిప్పింగ్ బిల్లు వేసేటప్పుడే క్లెయిమ్ చేస్తున్నట్టు పెట్టించాలి.

డబ్బు విషయంలో కొత్త బయ్యర్‌ని నమ్మి అప్పు మీద సరుకు పంపొద్దు. కొంత అడ్వాన్సు, మిగతాది డాక్యుమెంట్ల మీద, లేదా మంచి బ్యాంకు ఎల్‌సీ, అంటే బయ్యర్ తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ. ఎల్‌సీలో రాసినదానికీ మీ ఇన్‌వాయిస్‌కీ ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆపుతారు. ఈసీజీసీ (ఎగుమతి బాకీలకి బీమా ఇచ్చే కేంద్ర సంస్థ) ఇన్సూరెన్స్ తీసుకోండి, బయ్యర్ ఎగ్గొడితే అది ఆదుకుంటుంది.

రైతు మాత్రం రెండు నెలలు ఆగలేడు, పిల్లల ఫీజులు, కౌలు, షాపు అప్పు అన్నీ మార్చిలోనే మీద పడతాయి. బ్యాంకులో ఎగుమతి ఆర్డర్ మీద ప్యాకింగ్ క్రెడిట్, అంటే సరుకు పంపకముందే ఇచ్చే అప్పు అడగండి. గుర్తింపు ఉన్న గోదాములో పెడితే ఎలక్ట్రానిక్ రసీదు మీద లోను వస్తుంది. కల్లాలు, గ్రేడింగ్ షెడ్డు, డ్రయ్యర్ కట్టుకోవాలంటే వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 2 కోట్ల దాకా లోనుకి 3 శాతం వడ్డీ రాయితీ పథకం ఉంది, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు బ్యాంకులో అడగండి. మేనేజర్ తెలీదంటే ఆ పథకం పేరు కాగితం మీద రాసి ఇచ్చి, రాతపూర్వకంగా జవాబు అడగండి.

ఇదంతా ఎందుకు అంటే మిర్చికి మద్దతు ధర లేదు. 2025లో రేటు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 అని ప్రకటించింది, అది పంట యార్డుకి చేరాక, రైతు రోడ్డెక్కాక వచ్చింది. ధర పడ్డాక ఇచ్చే సాయం కన్నా ఊరికో సిమెంటు కల్లం, మండలానికో మచ్చు తీసుకుని ల్యాబ్‌కి పంపే చోటు పెడితే మన కాయ ఎక్కడైనా నిలబడుతుంది అని నా గట్టి అభిప్రాయం. మీ ఎమ్మెల్యే వచ్చినప్పుడు అవే అడగండి.

7. కంటైనర్

కొత్త సంచులే వాడండి, పాత ఎరువుల సంచులు, మందుల వాసన ఉన్నవి అస్సలు వద్దు. కంటైనర్ లోపలికి వెళ్ళి తలుపు మూసి చూడండి, ఎక్కడన్నా వెలుతురు పడితే అక్కడ చిల్లు ఉన్నట్టే, అది మార్చమనండి. నేల తడిగా ఉన్నా, వాసన ఉన్నా వద్దు. గోడలకి క్రాఫ్ట్ పేపరు కట్టి తేమ పీల్చే సంచులు వేలాడదీయండి, సముద్రం మీద పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ కంటైనర్ పైకప్పు నుంచి నీటి బొట్లు పడతాయి, కల్లంలో పట్టా కింద పడ్డట్టే. చెక్క ప్యాలెట్లు వాడితే శుద్ధి చేసినట్టు ముద్ర ఉండాలి.

క్రిములు చంపడానికి ఇథిలీన్ ఆక్సైడ్ వాడొద్దు, యూరప్ హద్దు కిలోకి 0.1 మిల్లీగ్రామే. ఆవిరి పద్ధతి అడగండి. ఫైటోశానిటరీ (సరుకులో తెగుళ్ళు, పురుగులు లేవనే) సర్టిఫికెట్‌కి ప్లాంట్ క్వారంటైన్ పోర్టల్‌లో ముందే అప్లై చేసి తనిఖీ తేదీ తీసుకోండి, లారీ బయలుదేరాక కాదు.

లోడింగ్ జరుగుతున్నంతసేపూ ఫోటోలు తీయండి: ఖాళీ కంటైనర్, సగం నిండినప్పుడు, సీలు నంబరు. తర్వాత బయ్యర్ "సరుకు తడిసింది" అంటే మీ మాటకి బలం ఆ ఫోటోలే.

8. పంపాక

బయ్యర్ దగ్గర నుంచి వాళ్ళ ల్యాబ్ రిపోర్టు అడిగి తెప్పించుకోండి, పాసైనా సరే. మీ రిపోర్టు పక్కన పెట్టి చూడండి, మీకు కనపడని మందు వాళ్ళకి కనపడితే ఆ రైతు నోటు పుస్తకం తీసి ఏ తేదీన కొట్టాడో చూడండి. సంఘం మీటింగులో అందరి ముందు అతన్ని నిలబెట్టొద్దు, చేలోకి వెళ్ళి మాట్లాడండి. సీలు వేసిన మీ మచ్చు ప్యాకెట్‌ని డబ్బు మొత్తం ఖాతాలో పడే దాకా చల్లటి పొడి చోట దాచండి, సంచి నంబర్ల జాబితా కూడా దాంతోపాటే.